అమ్మమ్మ దక్కించుకున్న గది

అమ్మమ్మకు ఈ లోకంలో కావలసింది ఒక్క గది. వంటింటి వెనక, పొయ్యి గోడకు ఆనుకుని ఉండేది. పగలంతా మండిన పొయ్యి వేడి గోడలో నిలిచి రాత్రి మెల్లగా మంచానికి తగిలేది. చలికాలంలో కూడా ఆమె కాళ్ళకు దుప్పటి కప్పుకునేది కాదు. కిటికీ తెరిస్తే నీళ్ళు, మూస్తే ఉల్లిపాయల వాసన. ఆ గదిలోనే చస్తాననీ, చచ్చాక కూడా వెంటనే ఖాళీ చేస్తానని ఎవరూ ఆశ పెట్టుకోవద్దనీ ఆమె అందరికీ ముందే చెప్పి పెట్టింది.

ఆ గది ఒక దీవిలో ఉంది. దీవి అంటే పెద్దదేం కాదు, ఒక చివర అన్నం మాడితే రెండో చివర వాసన తగిలేంత. దానిమీద ఒక పొడుగాటి రాతి ఇల్లు, ప్రార్థన మందిరం, కూరగాయల తోట, పడవలు ఆగే మెట్లు. ఆ ఇంట్లో కొంతమంది విశ్వాసులు ఒకే కుటుంబంలా కలిసి బతికేవారు. దాన్ని సహవాసం అనేవారు. లోకం గోల పడలేని టీచర్లూ, నర్సులూ, బ్యాంకు గుమస్తాలూ, ఇంట్లో పడనివాళ్ళూ అవతలి ఒడ్డు నుంచి సంచులు పట్టుకుని వచ్చి, వారం రోజులు ఉండి, మనసు కడుక్కుని పోయేవారు. ఆ వారాన్ని ఏకాంత కూడిక అనేవారు. మనసు కడుక్కోవడం వాళ్ళ పని. వాళ్ళ గిన్నెలు కడగడం అమ్మమ్మ పని.

అమ్మమ్మ మొగుడు పడవ నడిపేవాడు. ఒక గాలివానలో పడవ తిరిగొచ్చింది, ఆయన రాలేదు. చంకలో ఆడపిల్లతో, ఒక్క కూడికకు దుంపల చెక్కు తీసిపెట్టడానికని ఆమె దీవికి వచ్చింది. కూడిక అయిపోయింది, దుంపలు అయిపోలేదు. అలా ఉండిపోయింది. అప్పటి వంటవాడు ఉప్పెక్కువ వేస్తాడని నలుగురి చెవినా వేసి, ఏడాది తిరిగేసరికి అతని గరిటె తాను పట్టుకుంది. ఇక అప్పటి నుంచి అందరికీ ఆమె వంటక్క.

పిల్ల పెరిగి, అవతలి ఒడ్డున ఒక దర్జీని పెళ్ళి చేసుకుంది. ఆ అల్లుడు మొదటిసారి అత్తగారి చేతి కూర తిని, ఉప్పు కాస్త తగ్గిందన్నాడు. ఆ తర్వాత అతను ఎన్ని మంచి మాటలన్నా ఆమె చెవికెక్కలేదు. వాళ్ళుండేది కుట్టుమిషన్ ఉన్న ఒక్క గదే. కూతురు రమ్మన్నప్పుడల్లా, మీ ఆయన కత్తెర పక్కన నాకు నిద్ర పట్టదని చెప్పి పంపేసేది.

కూడిక మొదలైన సాయంత్రం గంట కొట్టేవారు. మళ్ళీ చివరి రోజు పొద్దున గంట కొట్టేదాకా వచ్చినవాళ్ళెవరూ నోరు విప్పకూడదు. సైగ చేయకూడదు, ముఖం చిట్లించకూడదు, ఎందుకంటే పక్కవాళ్ళ ధ్యానం చెడుతుంది. పనివాళ్ళకు ఈ నియమం లేదు. పనివాళ్ళు ధ్యానంలో కూర్చుంటే గంజి కూడా కాగదు కదా. ఎదురు చెప్పలేని మనుషులు అంతమంది ఒక్కచోట దొరకడం అమ్మమ్మకు దేవుడు పోసిన వరం. గరిటె పట్టుకుని బల్ల వెంట నడుస్తూ ఒక్కొక్కరినే దులిపేది.

ఒక గుమస్తా దుంప ముక్కలు ఏరి పక్కన పెట్టాడు. అతని తల మీదుగా వంగి, "ఏం నాయనా, ఇంట్లో మీ ఆవిడ దగ్గర ఇలా ఏరితే ఊరుకుంటుందా? ఊరుకోదు. అందుకేగా ఇక్కడికొచ్చావు," అంది. అతను తల వంచుకుని ముక్కలన్నీ తినేశాడు. మందిరంలో ఏడ్చి వచ్చిన ఒకామెతో, ఏడిస్తే ఏడిచావు గానీ ముక్కు చీదిన చేత్తో రొట్టె ముట్టుకోకు తల్లీ అంది. వింత ఏమిటంటే, నోళ్ళు తెరుచుకున్న రోజున వాళ్ళే లేచి, వంటక్క మాటల్లో మాకు దేవుని గద్దింపు వినిపించిందని సాక్ష్యం చెప్పేవారు. అమ్మమ్మ గుమ్మంలో నిలబడి, ఆ గద్దింపు తనదేనని ఒప్పుకోకుండా, కాదని కూడా అనకుండా వినేది.

సహవాసాన్ని నడిపించే ఆవిడను పెద్దక్క అనేవారు. ఇల్లు కట్టించిన పెద్దాయన కూతురు. వయసులో అమ్మమ్మకు చెల్లెలి కూతురంత ఉంటుంది గానీ, ఆ ఇంట్లో అందరికీ అక్కే. ఆమె గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. ఆవిడ గొంతు వెన్నముద్ద, కత్తి అందులోనే దాచుకుంటుంది అనేది అమ్మమ్మ, వంటింట్లో, తలుపు వేసుకుని.

ఆ సహవాసంలో ఎవరినీ వెళ్ళిపొమ్మనరు. అలా అనడం ప్రేమ కాదని పెద్దాయన నాటి నియమం. ఎవరి చేతులు వణకడం మొదలైందో, ఎవరి మోకాళ్ళు మెట్లెక్కనంటున్నాయో, వాళ్ళను కూడిక చివరి మధ్యాహ్నం జరిగే ప్రేమ విందుకు పెద్దబల్ల దగ్గర కూర్చోమంటారు. పనివాళ్ళు ఎప్పుడూ వంటింట్లోనే తింటారు గనక, బల్ల దగ్గరికి పిలిచారంటేనే సంగతి తెలిసిపోతుంది. గిన్నెలన్నీ మూతలతో సర్దాక పెద్దక్క లేచి, ఆ మనిషిని పేరు పెట్టి పిలిచి, "వీరి కోసం దేవుని సన్నిధిలో కనిపెట్టుకుని ఉందాం," అంటుంది. ఎదురుచూద్దాం అని దానర్థం. అందరూ కళ్ళు మూసుకుంటారు. ఆ మనిషి తనంతట తాను లేచి "నేను వెళ్తాను" అనేదాకా ఎవరూ మూత తీయరు, మెతుకు ముట్టరు. ఆ మాట వినపడగానే పాట ఎత్తుకుంటారు. ఒక్కొక్కరూ వచ్చి కావలించుకుని ఏడుస్తారు. ఆకలి మీద ఉంటారు గనక ఆ తర్వాత బాగా తింటారు. సాయంత్రం పడవలో ఆ మనిషినీ, ఆ మనిషి సంచినీ అవతలి ఒడ్డుకు దించేస్తారు.

తప్పించుకునే దారి ఒకటుంది. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళైనా, గుమ్మంలో నిలబడ్డ పనివాళ్ళైనా "వీరు నాతో ఉంటారు" అంటే చాలు, ఎదురుచూపు అక్కడితో ఆగిపోతుంది. కానీ ఆ మాట అన్నవాళ్ళు ఆ మనిషి పనీ, మందులూ, మంచం మీది చాకిరీ అన్నీ చివరిదాకా తమ నెత్తిన వేసుకోవాలి. అమ్మమ్మ ఆ దీవిలో ఉన్నన్నాళ్ళూ ఆ మాట ఎవరి నోటా వినలేదు. తన నోటి వెంట కూడా రానివ్వలేదు.

రానివ్వమని ఒకసారి తోటమాలి అడిగాడు. తోటలో మొదటి చిక్కుళ్ళు ఎవరికంటే ముందు అమ్మమ్మకు తెచ్చిచ్చే మనిషి ఆయన. తడిమట్టిలో మోకాళ్ళ మీద బతికినవాడు, చివరికి ఆ మోకాళ్ళే లేవలేదు. విందుకు కూర్చోమన్న రోజు పొద్దున వంటింటి మెట్ల దగ్గర నిలబడి, "వంటక్కా, అవతల నాకెవరూ లేరు. ఒక్క మాట అను. నీకు భారంగా ఉండను, కూర్చుని కూరలు తరుగుతాను," అన్నాడు.

చూద్దాంలే అంది అమ్మమ్మ. ఆయన చేతిలోని చిక్కుళ్ళు మాత్రం తీసుకుంది.

ఆ మధ్యాహ్నం తోటమాలి లేవలేదు. ఏడవలేదు, బతిమాలలేదు, ఊరికే బల్ల అంచు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ అమ్మమ్మ వైపు చూస్తూ కూర్చున్నాడు. అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. కడుపులు మూలగడం వినిపిస్తోంది. అమ్మమ్మకు మాత్రం తన కూర మీదే ధ్యాస. మధ్యలో వంటింట్లోకి వెళ్ళి గుండిగ మూత తీసి చూస్తే పైన మీగడలా పొర కట్టింది. అది చూసి ఆమెకు ఒళ్ళు మండింది.

"తోటాయనా, లేస్తే కాస్త బావుంటుంది. నీ మొహం చూసినా చూడకపోయినా కూర మళ్ళీ వేడెక్కదు," అంది.

కళ్ళు మూసుకున్నవాళ్ళలో కొందరు కిసుక్కుమన్నారు. ఆయన లేచి, ఆ మాట అన్నాడు. పాట మొదలైంది. కూర బావుందని ఆ రోజు చాలామంది అన్నారు. తర్వాత ఆయన అవతలి ఒడ్డున సరుకు గోదాముల వెనక పడుకుంటున్నాడని పడవవాళ్ళు చెప్పారు. ఆ చలికాలం దాటలేదని కూడా చెప్పారు. అమ్మమ్మ దుంప చెక్కు తీస్తూ విని, తోటలో చిక్కుడు పాదులు ఇక ఎవరు చూస్తారో అంది. ఆమెను వెనకేసుకొద్దామన్నా ఈ ఒక్క ముక్క దగ్గర నోరు పెగలదు.

అమ్మమ్మకు అక్కడ ఒక్కతే స్నేహితురాలు. వచ్చిపోయేవాళ్ళ పక్కబట్టలు ఉతికే మనిషి. అందరూ ఆమెను దుప్పట్లమ్మ అనేవారు. పెళ్ళి లేదు, పిల్లలు లేరు, ఎత్తుగా ఎండిన కొమ్మలా ఉండేది. ఆమె గది అమ్మమ్మ గదికి పక్కదే, మధ్యలో చెక్క పలకల గోడ. ఇటు తుమ్మితే అటు వినపడుతుంది. అమ్మమ్మ రోజుకి నాలుగు మాటలు తిట్టేది, ఆమె ఒకటి తిరిగి అనేది. ఆ ఒక్కటీ నాలుగింటికీ సరిపోయేది.

ఒక చలికాలం అమ్మమ్మకు జ్వరం తగిలింది. జ్వరం పోతూ పోతూ ఆమె ముక్కునూ నాలుకనూ పట్టుకుపోయింది. ఉల్లిపాయ కోస్తే కన్నీళ్ళే గానీ వాసన లేదు. ఉప్పు వేసినా, చక్కెర వేసినా నోట్లో ఇసక పోసుకున్నట్టే. మొదట వారం రోజుల్లో వస్తుందనుకుంది. తర్వాత నెల అనుకుంది. రాదని తెలిశాక ఆమె మొట్టమొదటగా ఆలోచించింది వంట గురించి కాదు, గది గురించి. వంట పోతే గది పోతుంది. రుచి తెలియని వంటమనిషిని బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి పెద్దక్కకు ఎంతసేపు.

అందుకని దుప్పట్లమ్మను నాలుకగా పెట్టుకుంది. పొద్దునే పక్కబట్టల మూట భుజాన వేసుకుని ఆమె వంటింటి వెనక తలుపులోంచి దూరేది. గరిటె అంచున ఇంత పోస్తే నాలుక మీద వేసుకుని, ఇంకో చిటికెడు అనో, చాలనో చెప్పేది. ఆ మాట మీద అమ్మమ్మ వంట ఇంకో ఏడాది నడిచింది. మెచ్చుకున్నవాళ్ళ ముందు అమ్మమ్మ రొమ్ము విరుచుకునేది. దుప్పట్లమ్మకు ఒక్క రొట్టె ముక్క ఎక్కువ పెట్టిన పాపాన పోలేదు.

గొడవ వచ్చింది ఒక పెద్ద కూడిక ముందు. పెద్దక్కకు నిజం చెప్పేయమంది దుప్పట్లమ్మ. "దాచి దాచి ఎప్పుడో ఎవరి కడుపో పాడుచేస్తావక్కా. నేనూ ఒకరోజు జ్వరం పడతాను. అప్పుడేం చేస్తావు?" అంది.

ఈ మాటకు మామూలు మనిషైతే కాస్త ఆలోచిస్తుంది. అమ్మమ్మ మాత్రం, "నీకేమే, మొగుడూ పిల్లలూ లేనిదానివి, నీకు గది పోతే ఏం, ఉంటే ఏం? ఏ చెట్టు కిందైనా ఆరేసుకుంటావు," అంది.

దుప్పట్లమ్మ గరిటె కింద పెట్టి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు, మాడిన గుండిగ తోముకోవడానికి అమ్మమ్మ అంతకు ముందు రోజే అడిగి ఉంది గనక, తన చాకలి సోడా డబ్బా గట్టు మీద పెట్టింది. తెల్లటి పొడి. ఉప్పు డబ్బా పక్కనే. ఇద్దరి మధ్యా మాటలు లేవు గనక అది సోడా అని చెప్పనూ లేదు.

మర్నాటి నుంచి ఆమె రుచి చూడటానికి రాలేదు. పిలవడానికి అమ్మమ్మకు పౌరుషం అడ్డొచ్చింది. చేతి కొలత మీద నడిపేద్దామనుకుంది. గట్టు మీద అందిన డబ్బాలోంచి, ఇన్నేళ్ళ అలవాటు చొప్పున, పిడికిలి నిండా తీసి సూపులో వేసింది. మరిగే గుండిగ ఎగదన్నుకుని నురగ కక్కింది. నిప్పు ఎక్కువైందనుకుంది.

బల్ల దగ్గర అందరూ మొదటి చెంచా నోట్లో పెట్టుకున్నారు. నోళ్ళు ఆగిపోయాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ మౌనం. మాట్లాడకూడదు, సైగ చేయకూడదు, ముఖం చిట్లించకూడదు. ఒకరు పక్కవాళ్ళను చూశారు, పక్కవాళ్ళు మింగుతున్నారు. వాళ్ళు వీళ్ళను చూశారు, వీళ్ళూ మింగుతున్నారు. ఇదేదో ఈ కూడికకు పెట్టిన కొత్త సాధన కాబోలనుకున్నారు. పెద్దక్క గిన్నె చివరిదాకా, నింపాదిగా, కళ్ళు అరమూసుకుని తాగేసింది. ఆమె తాగాక ఇంకెవరు వదులుతారు? ఒక పంతులమ్మైతే తన భక్తి ఒక మెట్టు ఎక్కువని తెలియాలని రెండోసారి గిన్నె చాచింది. అమ్మమ్మ పొంగిపోయింది. "చూశారా, ఇది తినడం తెలిసిన మనిషి," అని అందరి ముందూ ఆమెను మెచ్చుకుని అంచుల దాకా పోసింది.

ఆ సాయంత్రం మరుగుదొడ్ల ముందు వరస కట్టారు. పొట్టలు పట్టుకుని, వంగిపోయి, ఒక్క మాట లేకుండా. నొప్పికి ఒకాయన గోడకు తల ఆనించి నిలబడితే, పక్కాయన ఆయన కోసం ప్రార్థన చేశాడు గానీ వరసలో చోటు ఇవ్వలేదు. పంతులమ్మ రెండు రోజులు మంచం దిగలేదు. దీవికి వాంతుల మందు పడవలో తెప్పించాల్సి వచ్చింది. అయినా మౌనం ముగిసిన పొద్దున ఒకాయన లేచి, ఆ చేదు గిన్నెలో నా జీవితమంతా చూసుకున్నానని కంటతడి పెట్టాడు. నలుగురైదుగురు ఆమెన్ అన్నారు.

పెద్దక్క మాత్రం ఆమెన్ అనలేదు. సాక్ష్యాలు అయ్యాక వంటింటికి వచ్చింది. రెండు చిన్న గిన్నెలు అమ్మమ్మ ముందు పెట్టింది. రెంటిలోనూ తెల్లటి పొడి.

"వంటక్కా, ఒక గిన్నెలో ఉప్పుంది, ఒక దాంట్లో సోడా ఉంది. కొంచెం నాలుక మీద వేసుకుని ఏది ఏదో చెప్పండి," అంది, జోలపాడినట్టు.

అమ్మమ్మ నవ్వింది. గరిటె పట్టిన నన్ను ఇది అడగాలా అని కూడా అంది. ఒక వేలితో ఇది, ఇంకో వేలితో అది నాలుక మీద వేసుకుంది. ఇసక. రెండూ ఇసకే. పెద్దక్క కళ్ళల్లో ఏమైనా దొరుకుతుందేమోనని చూసింది. ఆ కళ్ళల్లో ప్రేమ తప్ప ఏమీ లేదు. ఇక చేసేది లేక, ఎడమ గిన్నె చూపించి ఉప్పంది.

పెద్దక్క ఆ ఎడమ గిన్నెను తీసుకెళ్ళి మురికి గుండిగలో వంచి, పులిసిన గంజి పోసింది. నురగ లేచింది.

"సరే వంటక్కా. ఈ మధ్యాహ్నం విందు అతిథులు వండుతారు. మీరు మాతో బల్ల దగ్గర కూర్చోండి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా కూర్చోలేదు కదా," అంది.

విందుకు అమ్మమ్మ ఉతికిన చీర కట్టుకుని వెళ్ళింది. లేవకూడదని తీర్మానించుకుంది. లేవమని ఎవరూ అనరు, అనలేరు, అది వాళ్ళ నియమం. తాను లేవకపోతే ఏమవుతుంది? ఆకలితో చస్తారు. చావనీ అనుకుంది. దేవుడి మీద ఒట్టు, నా గది కంటే వీళ్ళ కడుపులు ఎక్కువా అనుకుంది.

పెద్దక్క లేచింది. వంటక్క కోసం కనిపెట్టుకుని ఉందాం అంది. అందరి కళ్ళూ మూతపడ్డాయి. అతిథులు వండిన కూర మూతల కింద నీరు కారుతోంది. ఒక ఈగ గిన్నె నుంచి గిన్నెకు వెళ్ళి దేని మీదా నిలవలేదు. అమ్మమ్మ కూర్చుంది. ఎవరో దగ్గారు. ఎవరి పొట్టో చాలాసేపు మాట్లాడింది. అమ్మమ్మ ఇంకా కూర్చునే ఉంది. పెద్దక్క పెదవుల మీద చిరునవ్వు కదలలేదు, ఎండలో పెట్టిన వెన్న కరిగినా ఆమె కరగదు. మూసిన కళ్ళు అన్నేసి, ఒక్కో కంటి చుట్టూ ఓర్పు బిగుసుకుని. ఆ ఓర్పు అంతా తన మీదే ఉందని, అది కొట్టడం కంటే గట్టిగా తగులుతోందని అమ్మమ్మకు అప్పుడు తెలిసింది. చేతులు ఒళ్ళో దాచుకుంది.

గుమ్మంలో నీళ్ళ కూజా పట్టుకుని దుప్పట్లమ్మ నిలబడి ఉంది. ఆ గదిలో తెరిచి ఉన్న కళ్ళు అమ్మమ్మవీ, ఆమెవీ. అమ్మమ్మ ఆమె వైపు చూసింది. ఒక్క మాట అను అన్నట్టు చూసింది. వీరు నాతో ఉంటారు, అంతే, మూడు ముక్కలు. దుప్పట్లమ్మ కూజా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

అప్పుడు అమ్మమ్మకు ఎక్కడలేని కోపం వచ్చింది. భయం ముదిరితే ఆమెకు కోపం లాగే వచ్చేది.

"సోడా డబ్బా నా గట్టు మీద పెట్టిందెవరో అడగరేం?" అంది గట్టిగా. "ఉప్పు పక్కన తెచ్చి పెట్టి, ఇది సోడా అని ఒక్క ముక్క చెప్పని మనిషి ఎవరో అడగరేం? నేను ముసలిదాన్ని, నాకు జ్వరం తగిలింది. దానికేం తగిలింది?"

ఎవరూ కళ్ళు తెరవలేదు. ఎదురుచూపులో కళ్ళు తెరవకూడదు. ఆ మాటలు బల్ల మీద మూతల మధ్య అలాగే పడి ఉన్నాయి. అమ్మమ్మ ఇంకా ఏదో అనబోయింది.

"నేను వెళ్తాను," అని వినిపించింది.

ఆ మాట ఎవరి నోటి నుంచి వచ్చిందో చూసుకునే ఓపిక బల్ల చుట్టూ ఎవరికీ లేదు. ఎప్పుడెప్పుడా అని చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. ఆడగొంతు, ఆ రెండు ముక్కలు, అంతే చాలు. పాట ఒక్కసారిగా లేచింది. అందరూ కళ్ళు తెరిచి, చేతులు చాచి అమ్మమ్మ వైపు తిరిగితే, అమ్మమ్మ కూర్చునే ఉంది. గుమ్మంలో దుప్పట్లమ్మ కూజా కింద పెట్టి, చేతులు చీరకు తుడుచుకుంటోంది.

పాడుతున్న నోళ్ళు ఒక్క క్షణం తడబడ్డాయి గానీ ఆగలేదు. ఎత్తుకున్న పాటను మధ్యలో వదిలేయడం ఆ ఇంట్లో లేదు. వెళ్తానన్నది ఎవరైతే వాళ్ళే వెళ్ళాలన్నది నియమం, ఎవరి బదులు ఎవరు అనకూడదన్నది ఎక్కడా లేదు. ఇలా అంటారని ఎవరనుకున్నారు గనక. అందరూ పెద్దక్క వైపు చూశారు. ఆమె ముఖంలో చిరునవ్వు మొట్టమొదటిసారి చోటు తప్పింది. గుమ్మం వైపు చూసింది, అమ్మమ్మ వైపు చూసింది, గిన్నెల వైపు కూడా చూసింది. ఆమెకూ ఆకలే. లేచి వెళ్ళి దుప్పట్లమ్మను కావలించుకుంది. ఇక అందరూ వరస కట్టారు.

వరసలో చివర అమ్మమ్మ వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళకపోతే బావుండదు కదా. దుప్పట్లమ్మ ఆమె చుట్టూ చేతులు వేసి, చెవి దగ్గర నోరు పెట్టింది. చూసేవాళ్ళకు ముద్దు పెట్టుకుంటున్నట్టుంది.

"నీ గది నువ్వుంచుకో. గోడవతల నీ గురక విని చచ్చేకంటే నాకు చెట్టు కిందే నయం."

ఆ సాయంత్రం పడవ మెట్ల దగ్గరికి అమ్మమ్మ వెళ్ళలేదు. గదిలో మంచం మీద కూర్చుంది. ఆ రోజు తాను పొయ్యి వెలిగించలేదు, అతిథులు బయట పొయ్యి మీద వండారు. గోడ చల్లగా ఉంది.

మర్నాడు పెద్దక్క మళ్ళీ వంటింటికి వచ్చింది. వంటకు కొత్తగా ఒక మొగుడూ పెళ్ళాం వస్తున్నారని, చాకిరేవు ఖాళీగా ఉందని, వంటక్కకు ఎలాగూ దీవి వదిలే మనసు లేదు గనక పక్కబట్టల పని దేవుడే చూపించాడని, అలాగే జోలపాడినట్టు చెప్పింది. గది సంగతేమిటని అమ్మమ్మ అడిగింది. గది మీదే కదా అంది పెద్దక్క, ఆశ్చర్యపోయినట్టు.

అలా అమ్మమ్మ గెలిచింది. కొత్త వంటవాళ్ళు పొయ్యిని రెండో గోడకు మార్చుకున్నారు, అటు గాలి బావుంటుందట. అమ్మమ్మ గది గోడ ఇక ఎప్పుడూ వేడెక్కలేదు. కూడిక అయిన ప్రతిసారీ పై అంతస్తు నుంచి గుట్టలు గుట్టలుగా దుప్పట్లు దిగేవి, మనుషులు కడుక్కుని వదిలిన మనసుల్లాంటివి. వాసన తెలియకపోవడం ఒక్కటే ఆ పనిలో ఆమెకు కలిసొచ్చింది.

దుప్పట్లమ్మ చెట్టు కింద పడుకోలేదు. పడవ దిగి నేరుగా దర్జీ ఇంటికి వెళ్ళి, మీ అత్తగారు పంపలేదు, నేనే వచ్చాను అందట. అల్లుడు ఆమెను పైకీ కిందకీ చూసి, గుండీలు కుట్టడం వచ్చా అని అడిగాడట. మిషన్ పక్కన చాప వేశారు. అత్తగారికి ఇన్నేళ్ళూ దొరకని చోటు ఆమెకు ఆ పూటకే దొరికింది. కూతురి పిల్లలు వారం రోజుల్లో ఆమెకు మాలిమి అయ్యారు.

వానలు వెనకబట్టాక ఒకరోజు కూతురు దీవికి వచ్చింది. చాకిరేవు దగ్గర అమ్మమ్మ మోకాళ్ళ దాకా చీర ఎగ్గట్టుకుని నీళ్ళలో నిలబడి ఉంది. చేతులు ఉబ్బి, వేళ్ళ కణుపుల దగ్గర తోలు తెల్లగా చీలింది. కూతురు చూసి తల తిప్పుకుంది.

"వచ్చేయమ్మా," అంది. "దుప్పట్ల పిన్ని కూడా రమ్మంటోంది. నీ మీద కోపం పోలేదు గానీ రమ్మంటోంది. ఇద్దరూ ఎలాగోలా సర్దుకుంటారు."

"ఎక్కడ పడుకోబెడతావు?"

"చాప మీద. పిన్ని పక్కన."

"కిటికీ ఉందా?"

"లేదు. నీకు తెలుసుగా."

అమ్మమ్మ ఇంకో దుప్పటి నీళ్ళలోంచి లాగింది. నీళ్ళు తాగి అది మనిషంత బరువెక్కింది. తన గది గురించి చెప్పింది. తలుపుకు లోపలి గడియ ఉందని, ఈ ఇంట్లో ఇంకెవరి గదికీ అది లేదని, చచ్చేదాకా తనను ఎవరూ కదపలేరని చెప్పింది. చెప్పినంతసేపూ కూతురు ఆమె చేతులనే చూసింది.

చివరికి కూతురికి విసుగొచ్చింది. తల్లి నోరు కొంచెం ఆమెకూ వచ్చింది కదా. "పిల్లలు పిన్నిని అమ్మమ్మా అంటున్నారు. నేను వద్దనలేదు," అంది.

అమ్మమ్మ దుప్పటి అంచు వెతికి పట్టుకుంది. "అననీ," అంది. "దాని వంట రెండ్రోజులు తింటే వాళ్ళే మానేస్తారు."

"వంట బావుంటుందమ్మా."

అమ్మమ్మ తడి దుప్పటి రెండో కొసను కూతురి వైపు చాచింది. పిండాలంటే ఇద్దరు కావాలి. ఒకరు ఇటు మెలిపెడితే ఒకరు అటు మెలిపెట్టాలి. కూతురు పట్టుకుంది. ఇద్దరూ మెలిపెట్టారు, నీళ్ళు ఇద్దరి కాళ్ళ మీదా పడ్డాయి. ఇంకా సగం పిండాల్సి ఉండగా మెట్ల దగ్గర పడవవాడు కేక వేశాడు. ఆటు మొదలై నీరు తీసేస్తోంది, ఇప్పుడు కదలకపోతే మళ్ళీ పొద్దున్నేనన్నాడు.

కూతురు కొసను తల్లి చేతిలో పెట్టబోయి, అది కింద పడుతుందని, అక్కడున్న గుంజకు ముడి వేసి వెళ్ళిపోయింది. అమ్మమ్మ రెండో కొస పట్టుకుని, గుంజ తన వైపు మెలిపెడుతుందా అన్నట్టు కాసేపు ఆగి, ఒక్కతే తిప్పడం మొదలుపెట్టింది.